ఇరవై నాలుగో ల్యాప్‌టాప్

మంగళవారం పొద్దున సర్వీసు గదిలో ఫోను మోగితే అక్క ఎత్తింది.

"బుల్లక్క ఉందాండీ?" అంది అవతలి గొంతు.

"లేదు," అంది అక్క, మూడడుగుల దూరంలో కిటికీ పక్కన కూర్చున్న బుల్లక్కని చూస్తూనే. "పనేమిటో నాతో చెప్పండి."

"అబ్బే, పర్లేదు లెండి. ఆవిడ వచ్చాక చేస్తాను."

అక్క ఫోను పెట్టేసింది. బుల్లక్క తలెత్తి "ఎవరక్కా?" అనడిగితే "రాంగ్ నంబర్" అని చెప్పి, స్క్రూడ్రైవరు తీసుకుని తన పనిలో పడింది. పదకొండేళ్ళుగా ఆ గదికి వచ్చే ఫోన్లన్నీ ఆమె కోసమే వచ్చేవి. ఆమె కన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆ ఆఫీసులో ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళు. ఎనిమిది నెలల కిందట ఆమె తోడికోడలు అదే గదిలో ఉద్యోగంలో చేరింది. ఇంట్లో అలవాటు కొద్దీ ఆఫీసులోనూ "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరుగుతుంటే ఎవరో ఆకతాయి ఆ పిల్లకి బుల్లక్క అని పేరు పెట్టాడు. వాడెవడో తెలిస్తే వాడి కీబోర్డులో ఒక అక్షరం ఊడబీకాలని అక్కకి ఇప్పటికీ కోరికే. తన పేరునే సగం చేసి పక్కదానికి పంచిపెట్టినట్టు ఉంటుంది ఆమెకి.

ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి పక్కన కూర్చుంటే తిట్టుకోవచ్చు. ఈ పిల్లని స్వయంగా మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళి "మా మరిది భార్య అండీ, చురుకైన పిల్ల" అని చెప్పింది తనే. ఆ చురుకేదో ఇంత ఉంటుందని అప్పుడు అనుకోలేదు.

వంతెనలు డిజైన్ చేసే విభాగానికి ఇరవై నాలుగు వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒక్కొక్కటి చిన్న పీట అంత బరువు. వాటిలో గీసే వంతెనల బొమ్మలు పెద్దవైపోయి యంత్రాలు ఆయాసపడుతున్నాయని, అన్నిటికీ మెమరీ రెట్టింపు చేసి, ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించమని పైనుంచి ఆదేశం వచ్చింది. యంత్రం నిద్రలేవగానే, తెర మీద ఏదీ రాకముందే లోపల ముందుగా కదిలే ప్రోగ్రాము ఫర్మ్‌వేర్. మెమరీ అక్క వంతు, ఫర్మ్‌వేర్ బుల్లక్క వంతు. శుక్రవారానికల్లా అయిపోవాలి. ఖాళీగా ఉన్న ఇన్‌ఛార్జి కుర్చీ ఎవరిదో కూడా శుక్రవారమే చెబుతానన్నాడు మేనేజరు. ఉన్నది ఇద్దరే. పదకొండేళ్ళు ఒకరివి, ఎనిమిది నెలలు ఇంకొకరివి. ఇందులో ఆలోచించడానికి ఏముందని, ఆ మనిషి శుక్రవారం దాకా ఆగుతానన్నందుకే అక్కకి కడుపు మండిపోతోంది.

ఆమె ల్యాప్‌టాప్‌ని బోర్లించి, అడుగున ఉన్న పది స్క్రూలు విప్పి, వచ్చిన వరసలోనే అయస్కాంతపు పలక మీద పెట్టింది. మూత సందులో గోరు దూర్చి ఒక మూల నుంచి నెమ్మదిగా లేపింది. ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది. అది తీయకుండా చెయ్యి పెట్టేవాళ్ళని చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. మెమరీ పలకని అంచులతో పట్టుకుని, ఏటవాలుగా గాడిలో పెట్టి, బొటనవేళ్ళతో కిందికి నొక్కింది. రెండు పక్కలా కొక్కేలు టిక్కుమన్నాయి. ఒకవైపే చప్పుడు వస్తే ఆమె ఊరుకోదు, తీసి మళ్ళీ పెడుతుంది.

ఇంత పనీ చూసేవాళ్ళు లేరు. అందరూ చూసేది బుల్లక్క చీటీ. ప్రతి ల్యాప్‌టాప్ మీదా ఆ పిల్ల ఒక పచ్చ చీటీ అంటిస్తుంది. అందులో నాలుగు గడులు. మెమరీ, తాళం ఆపాను, ఫర్మ్‌వేర్, పరీక్ష. తాళమంటే డిస్కులో ఉన్నది పరాయివాళ్ళు తెరవకుండా యంత్రం వేసుకునే తాళం. ఒక్కో పని అవగానే ఒక్కో టిక్కు. మేనేజరు ఆ చీటీ పట్టుకుని వరండా అంతా తిరిగాడు. "పద్ధతంటే ఇదీ!" అని ముచ్చటపడిపోయాడు. ఆ నాలుగు గడులూ అక్క తలలో పదకొండేళ్ళుగా ఉన్నాయి. తల తెరిచి వరండాలో తిప్పలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికొచ్చారు. అన్నదమ్ములిద్దరివీ పై వాటా, కింద వాటా. భోజనాలు మాత్రం కిందే, అందరూ కలిసి. అత్తగారు ఫోను చేతిలో పట్టుకుని ఎదురొచ్చింది.

"చిన్నమ్మాయ్, ఇది పొద్దుట్నుంచీ మూగనోము పట్టిందే."

బుల్లక్క చెప్పులు కూడా విడవకుండా రెండు మీటలు నొక్కిపట్టింది. ఫోను లేచింది.

"చూశావా!" అంది అత్తగారు, అక్కకేసి తిరిగి. "దీని చెయ్యి తగిలితే చాలు, ఏదైనా లేచి కూర్చుంటుంది."

అక్క నవ్వింది. నవ్వాలి కదా. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

*

బుధవారం పద్నాలుగో నంబరు ల్యాప్‌టాప్ వెనక్కి వచ్చింది. బొమ్మ సగంలో ఉండగా తెర బిగుసుకుపోతోందని ఫిర్యాదు. తెచ్చినాయన దాన్ని అక్క బల్ల మీద పెడుతూ, "మెమరీ సరిగ్గా కూర్చోలేదేమో" అన్నాడు. ఆ మాటకి అక్కకి తల కొట్టేసినట్టయింది. తను కూర్చోబెట్టినది కూర్చోకపోవడమేమిటి?

విప్పింది. పలకలు నాలుగూ తీసి, బంగారు రంగు అంచుల్ని రబ్బరుతో మెత్తగా రుద్ది, మళ్ళీ పెట్టింది. గంట పరీక్షించింది. బానే ఉంది. మరో అరగంటకి బిగుసుకుంది. ఒక్కొక్క పలకే ఉంచి, ఒక్కొక్క గాడిలో మార్చి మార్చి చూడటం మొదలుపెట్టింది. మార్చిన ప్రతిసారీ యంత్రం లేవడానికి ఐదారు నిమిషాలు నల్ల తెరే. మెమరీ మారితే అది అంతే, కొత్త కోడలు ఇంటికొస్తే అందరూ ఎగాదిగా చూసినట్టు, కొత్త పలకని పూర్తిగా పరీక్షించుకుని గాని మాట్లాడదు. మధ్యాహ్నం దాటింది. అక్క భోజనానికి లేవలేదు.

బుల్లక్క డబ్బా కడుక్కుని వచ్చి, ఓ నిమిషం నిలబడి చూసి, "ఒకసారి ఇటివ్వరూ?" అంది. ఫర్మ్‌వేర్ తెర తెరిచింది. కొత్తదానిలో ఒక మూల చిట్టా ఉంది. యంత్రం తన తప్పుల్ని తనే రాసుకునే చిట్టా.

"మూడో గాడిలో ఉన్న పలకేనక్కా. పలకే చెడిపోయి వచ్చింది. మీరు పెట్టడం బానే ఉంది."

నాలుగు గంటల పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ చివరి మాట ఓదార్పుగానే అంది. అదే అక్కకి గుచ్చుకుంది. తన చేతికి ఈ పిల్ల మంచిదని రాసివ్వాలా? తను పదకొండేళ్ళు చెవి పెట్టి వింటే ఒక్క ముక్క చెప్పని యంత్రాలు, దీనికి మాత్రం అడక్కుండానే చాడీలు చెబుతున్నాయి.

"నాకూ దాని మీదే అనుమానం," అంది అక్క. అబద్ధం.

*

గురువారం మధ్యాహ్నానికి ఇరవై మూడు అయ్యాయి. ఇరవై నాలుగోది ఆ విభాగం పెద్దాయనది. ఆయన్ని అందరూ వంతెనల సారనే అంటారు. నాలుగు గంటలకల్లా ఒక బొమ్మ పంపాలని, యంత్రం ఇవ్వనని మొరాయించి, చివరికి "గంటలో ఇచ్చేయాలి" అని షరతు పెట్టాడు. బుల్లక్క ఆయన బల్ల దగ్గరే, ఆయన చేత పాస్‌వర్డు కొట్టించి, డిస్కు తాళం ఆపేసి, చీటీ మీద టిక్కు పెట్టి, ల్యాప్‌టాప్‌ని అక్కకి తెచ్చిచ్చింది. ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

అక్క పలకలు పెట్టింది, మూత మూసింది, బటన్ నొక్కింది. నల్ల తెర.

"చచ్చిపోయిందా?" అన్నాడు వంతెనల సారు, రెండో నిమిషంలోనే.

"లేస్తుంది సార్."

"దీపం కూడా కదలట్లేదే. ఒకసారి ఆపి చూడకూడదూ?"

"ముట్టుకోకండి. అంత పెద్ద వంతెన కట్టే మనిషి ఐదు నిమిషాలు ఆగలేకపోతే ఎలా సార్?"

ఐదో నిమిషంలో తెర వెలిగింది. మెమరీ రెట్టింపు కనిపించింది. అక్క తృప్తిగా తల ఊపి, ల్యాప్‌టాప్‌ని కిటికీ పక్క బల్ల మీద పెడుతూ చీటీ చూసింది. మెమరీ గడి ఖాళీగా ఉంది. దాని తర్వాతది, తాళం ఆపాను, ముందే టిక్కు పెట్టి ఉంది.

అక్క అక్కడే ఆగిపోయింది.

తాళం ఆపితే ఆ విరామం ఒక్క రీస్టార్ట్‌కే పనిచేస్తుంది. ఇప్పుడు తను యంత్రాన్ని లేపడంతో ఆ ఒక్కటీ అయిపోయింది. తాళం మళ్ళీ పడి ఉంటుంది. మిగతా ఇరవై మూడింటికీ మెమరీ అయ్యాకే తాళం ఆపింది ఈ పిల్ల. ఈ యంత్రానికి మాత్రం సారు తొందరలో వరస తప్పింది. తాళం పడి ఉండగా ఫర్మ్‌వేర్ మారిస్తే, ఎవరో కొత్తవాళ్ళు చొరబడ్డారనుకుని డిస్కు బిగుసుకుంటుంది. నలభై ఎనిమిది అంకెల నంబరు ఇస్తే గాని తెరుచుకోదు.

బుల్లక్క మెమరీ గడిలో టిక్కు పెట్టింది. "మెమరీ అయింది. తాళం ఆపాను..." అని గొణుక్కుంటూ వేలు కింది గడి మీదికి జరిపింది. ఫర్మ్‌వేర్ ఫైలు తెరిచింది. వెనకాల అక్క టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. చెప్పాలంటే మూడు మాటలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. నంబరు రిజిస్టర్లో ఉంటుంది, కొడితే తెరుచుకుంటుంది, మహా అయితే సారు నాలుగు చివాట్లు పెడతాడు. పెట్టనీ. ఒక్కసారి దీని చీటీ కూడా తప్పు చెప్పనీ. రేపే శుక్రవారం.

బుల్లక్క నొక్కింది. అక్క టీ తాగింది.

ఫ్యాన్లు హోరెత్తాయి. తెర మీద గీత నెమ్మదిగా నిండింది. యంత్రం ఆరిపోయి, లేచి, నీలం తెర మీద నంబరు అడిగింది.

బుల్లక్క ఇనప బీరువా తెరిచి రిజిస్టరు తీసింది. ఇరవై నాలుగో యంత్రం పేజీ మీద స్కేలు పెట్టుకుని ఒక్కో అంకె కొట్టింది. తప్పు అంది తెర. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే.

అప్పుడు గుర్తొచ్చింది అక్కకి. కిందటేడు ఈ యంత్రానికి బోర్డు మార్చింది తను. తాళం కొత్తగా వేసింది. కొత్త నంబరు ఏదో కాగితం మీద రాసుకుంది, రిజిస్టర్లో ఎక్కిద్దామని. ఎక్కించలేదు. ఆ కాగితం ఎప్పుడో చెత్తబుట్టలో చేరి ఉంటుంది.

"సర్వర్లో ఇంకో కాపీ ఉందా సార్?" అని అడిగింది బుల్లక్క.

"ఇవాళ బొమ్మ పూర్తయ్యాక పెడదామనుకున్నాను," అన్నాడు వంతెనల సారు. "మూడు వారాల పని."

ఎవరో మేనేజర్ని పిలిచారు. తలుపు దగ్గర జనం పోగయ్యారు. ఏమైంది, ఎవరు చేశారు అన్నాడు మేనేజరు. బుల్లక్క రిజిస్టరు మూసేసి దాని మీద చెయ్యి పెట్టింది.

"నాదే తప్పు సార్. తాళం మళ్ళీ ఆపకుండా ఫర్మ్‌వేర్ ఎక్కించాను."

"మరి నంబరు?"

"పనిచెయ్యట్లేదు సార్. తప్పు మాత్రం నాదే."

చీటీలు పట్టుకుని వరండా తిరిగిన మేనేజరే ఇప్పుడు ఆ పిల్లని చూసిన చూపు చూస్తే అక్కకి సంతోషం కలగాలి. కలగలేదు. మూడు వారాల పని ఆ పెట్టెలో ఉంది. తాళం ఎందుకు అలిగింది? లోపల ఫర్మ్‌వేర్ మారినందుకు. పాతది తిరిగి పెడితే?

"లే," అంది బుల్లక్కతో. కుర్చీలో కూర్చుంది.

పాత ఫర్మ్‌వేర్ ఫైలుని పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. వెనక్కి వెళ్ళనివ్వని మీట ఒకటి ఉంటుంది సెట్టింగుల్లో, అది వెతికి తీసేసింది. చార్జరు బిగుతుగా ఉందో లేదో రెండుసార్లు చూసింది. "ఎవరూ బల్ల కదపకండి" అంది. పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ బుల్లక్క గోడకి ఆనుకుని, తెర వైపు కాకుండా నేల వైపు చూస్తూ నిలబడింది.

యంత్రం లేచింది. నంబరు అడగలేదు. వంతెనల సారు ఫొటో, పాస్‌వర్డు గడి కనిపించాయి.

చప్పట్లు మోగాయి. "అక్కంటే అక్కే!" అన్నారెవరో. వంతెనల సారు రెండు చేతులూ జోడించాడు. మేనేజరు ఆమె భుజం తట్టి, "రేపటి దాకా ఎందుకమ్మా, ఇన్‌ఛార్జి కాగితం ఇవాళే టైపు చేయిస్తాను" అన్నాడు. అక్కకి ఏనుగెక్కినంత సంబరమైంది. అబద్ధమెందుకు, అయింది.

అందరూ వెళ్ళాక, బొమ్మలన్నీ సర్వర్లోకి ఎక్కించి, కొత్త నంబరు రాద్దామని రిజిస్టరు తెరిచింది. స్కేలు ఇంకా ఆ పేజీలోనే ఉంది. దానికి సరిగ్గా పై వరసలో తన రాత ఉంది. "బోర్డు మార్చాను. కొత్త నంబరు", ఆ తర్వాత ఖాళీ, దాని కింద తన సంతకం, తేదీ. రెండోసారి నంబరు కొట్టేటప్పుడు బుల్లక్క స్కేలు ఇక్కడికి జరిగింది. చూసింది. చూసే, పుస్తకం మూసి, చెయ్యి అడ్డం పెట్టింది.

అక్కకి మొదట బతికిపోయాననిపించింది. ఆ ఊరట ఎంతో సేపు నిలవలేదు. తర్వాత వచ్చినది కోపం. ఫోన్లు తీసుకుంది, పేరు తీసుకుంది, అత్తగారిని తీసుకుంది. ఇప్పుడు మంచితనం కూడా ఇదే తీసుకుందా? తన చేతికి దొరికిన కుర్చీ, ఆ పిల్ల నోరు మూసుకుంటే వచ్చిన కుర్చీ. రోజూ దాంట్లో కూర్చోవాలి, రోజూ ఎదురుగా ఆ మొహం చూడాలి.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇంటి దగ్గర అత్తగారు "అలా ఉన్నారేమిటే ఇద్దరూ?" అనడిగితే, బుల్లక్క కంచాలు పెడుతూ, "అక్క లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది అత్తయ్యా" అంది.

ఆకలి లేదంటూ అక్క తన కంచం తీసి పక్కన పెట్టేసింది.

*

శుక్రవారం మేనేజరు వచ్చేసరికి అక్క ఆయన గది ముందు రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉంది. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. తన పేరు ఆమెకి తలకిందులుగా కనిపించింది. పేజీ తెరిచి, ఖాళీ గడి మీద వేలు పెట్టి, చెప్పాల్సింది చెప్పింది.

ఆయన ఆ గడి కింద ఉన్న సంతకం, తేదీ చదివాడు. "ఇది నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"నిన్న చప్పట్లు కొడుతున్నారు సార్."

ఆయన కాగితం తీసి సొరుగులో పడేశాడు. "ఆర్నెల్ల దాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. వెళ్ళు" అన్నాడు.

సర్వీసు గదిలోకి వచ్చేసరికి బుల్లక్క లేచి నిలబడింది. అక్క చంకలో రిజిస్టరు చూసింది.

"చెప్పేశారా?"

"చెప్పేశాను."

"ఎందుకు? నేను ఒప్పుకున్నానుగా. దాంతో పోయేదిగా!"

"అన్నీ నువ్వే మోసేస్తావా? గొప్పంతా నీదేనా?" అంది అక్క. గొంతు తను అనుకున్నదానికన్నా పైకి లేచింది. "ఇంకోటి కూడా విను. నువ్వు బటన్ నొక్కకముందే తాళం మళ్ళీ పడిందని నాకు తెలుసు. నీ వెనకే నిలబడి ఉన్నాను. చెప్పలేదు."

"తెలుసు," అంది బుల్లక్క. "మీరు నా వెనక నిలబడి ఒక్క తప్పైనా పట్టకుండా ఊరుకున్నది ఈ ఎనిమిది నెలల్లో అదొక్కసారే. నీలం తెర రాగానే అర్థమైంది."

అక్క ఆ పిల్లకేసి ఒకడుగు వేసింది.

"తెలిసీ తప్పు నెత్తినేసుకున్నావా? అంత మంచిదానివా నువ్వు?"

"మంచితనమా, నా మొహమా!" బుల్లక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ అది ఏడుపు కాదు, ఉక్రోషం. "ఆరేళ్ళైంది నేను ఆ ఇంటికొచ్చి. కూర తరిగితే 'పెద్దమ్మాయైతే సన్నగా తరుగుతుంది.' బట్టలు మడతపెడితే 'పెద్దమ్మాయి మడతలు చూడు.' మీ మరిది అయితే నిద్రలో కూడా 'మా వదినైతే' అనే అంటాడు. మీరు మేడ మీదికి వెళ్ళగానే మొదలవుతుంది నాకు. ఈ ఉద్యోగం కూడా మీరు వేయించిందే. వింటూ వింటూ నా చెవులు చిల్లులు పడ్డాయి. నిన్న ఆ ఖాళీ గడి చూడగానే ప్రాణం లేచొచ్చింది. మీది ఒక్కటైనా నా గుప్పిట్లో ఉంటుంది, ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ నన్ను చూసి తల దించుకుంటారు అనుకున్నాను. పొద్దున్నే పరిగెత్తుకెళ్ళి అది కూడా లాక్కున్నారు!"

అక్క రిజిస్టరు బల్ల మీద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. లోపల ఎక్కడో ఎప్పటినుంచో బిగుసుకుని ఉన్నదేదో వదులవుతున్నట్టు అనిపించింది. చూడబోతే అది పశ్చాత్తాపం కాదు, శుద్ధమైన సంతోషం.

"అత్తయ్య నిజంగా అంటుందా అలాగ?"

"రోజూ."

"ఏమని?"

బుల్లక్క ఉరిమి చూసింది. "చెప్పానుగా! మళ్ళీ చెప్పించుకుంటారా?"

"ఆఁ," అంది అక్క, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటూ. "ఈసారి కాస్త నెమ్మదిగా చెప్పు."